ఆరోగ్యవంతుల పెట్టెలో ఒకరు

పోయినవారం డాక్టర్ సెలీనాను మైక్రోస్కోపు ముందు వదిలాం. కోకాపేటలోని ఆ ఆఫీసులో ఆమె ఉద్యోగం కణజాలాన్ని చదవడం. ప్రోస్టేట్ గ్రంథి నుంచి తీసిన సన్నటి ముక్కల్లో కొన్ని ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో కొలిచి, క్యాన్సర్‌ను ముందుగానే పసిగట్టే పరీక్ష ఒకటి తయారుచేస్తోంది ఆమె కంపెనీ. జబ్బున్నవాళ్ళ ముక్కలు ఒక పెట్టెలో ఉంటాయి. వాటితో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల ముక్కలు ఇంకో పెట్టెలో. కొలిచే పని సాఫ్ట్‌వేరుది. దాన్ని రాసిన నవ్య హన్మకొండ అమ్మాయి. ఆ సాఫ్ట్‌వేరు ఆరోగ్యవంతుల పెట్టెలోని ఒక స్లైడు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇది జబ్బు ముక్క అంటోంది. ఆ స్లైడు గుర్తు హెచ్-31. యంత్రం పొరపాటు పడుతోందని అందరూ తేల్చేశారు. సెలీనా మాత్రం ఆ ముక్కనే ఇంకాస్త లోతుగా కోసి, మళ్ళీ రంగులు వేయమంది.

రంగులు వేసిన స్లైడు మర్నాడు పొద్దున ఆమె బల్లమీదికి వచ్చింది. ఆమె ఎక్కువసేపు చూడలేదు. ఆ అవసరం లేకపోయింది.

ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో ప్రతి చిన్న గొట్టం చుట్టూ బయటి కణాలు ఒక వరసలో, కంచె కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఆ కణాల్లో ఉండే ప్రోటీన్‌కు గోధుమరంగు అంటుతుంది. క్యాన్సర్ వచ్చిన చోట ఆ వరస మాయమవుతుంది, దానితోపాటు ఆ ప్రోటీనూ పోతుంది. లోపలి కణాల్లో ఇంకో ప్రోటీన్ పెరిగి, ఎర్రరంగు పట్టుకుంటుంది. హెచ్-31లో చాలామేరకు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒక చివరన మాత్రం గోధుమరంగు ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కణ్ణుంచి అంచుదాకా ఎరుపే. అక్కడి గొట్టాలు విడివిడిగా కూడా లేవు. ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దలా ఉన్నాయి. నిదానంగా పెరిగే రకమైతే డాక్టర్లు ఏళ్ళ తరబడి గమనిస్తూ ఊరుకుంటారు. ఇది ఊరుకోదగిన రకం కాదు.

నవ్య వచ్చి ఆమె వెనక నిలబడింది.

"ఏమైంది మేడమ్? నా మోడలే తప్పా?"

"కాదు. నీ మోడల్ కరెక్టుగానే చెప్తోంది."

వారం రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన నవ్య మొహంలో సంతోషం కనిపించలేదు. కుర్చీ లాక్కుని కూచుంది.

"అంటే గా మనిషికి నిజంగనే ఉన్నట్టా?"

"ఉంది. రెండేళ్ళ కిందటే ఉంది."

"ఆయనకు తెల్వది గద మేడమ్. ఏం లేదని చెప్పి పంపిన్రు." నవ్య గొంతు తగ్గించి అంది. "మా బాపుది సుత ఆ డబ్బలనే ఉన్నది."

ఆ ఆఫీసులో చాలామంది ఆ మాట అనగలరు. రెండేళ్ళ కిందట కంపెనీ ఒక ఆసుపత్రితో కలిసి తన ఉద్యోగుల తండ్రులందరికీ పరీక్షలు చేయించింది. రక్తపరీక్షలో అనుమానం కనిపించినవాళ్ళకు సూదితో బయాప్సీ తీశారు. జబ్బు లేదని తేలినవాళ్ళలో ఒప్పుకున్నవారి ముక్కలు, ఆసుపత్రి అవసరం తీరిపోయాక, ఇక్కడికి వచ్చాయి. పేర్లు ఆసుపత్రిలోనే ఉండిపోయాయి. ఇక్కడికి వచ్చినవి అంకెలు మాత్రమే. సెలీనా తండ్రి సైమన్ పేరు కూడా ఆ శిబిరంలో నమోదైంది. కాబట్టి హెచ్-31 ఈ అంతస్తులో పనిచేసే ఎవరో ఒకరి నాన్న.

సెలీనా స్లైడు బొమ్మను లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, కంపెనీ యజమాని ప్రశాంత్ గదికి వెళ్ళింది.

ప్రశాంత్‌ది ప్రొద్దుటూరు. ఇంకా నలభై దాటలేదు. క్లుప్తంగా, శుభ్రంగా మాట్లాడతాడు. ఎవరిమీదా గొంతు పెంచగా ఎవరూ వినలేదు. బొమ్మను రెండుసార్లు పెద్దది చేసి చూశాడు. ఇన్నేళ్ళలో ఎరుపూ గోధుమా చదవడం అతనికీ వచ్చింది.

"అవుట్‌లయర్ కాదు, యంత్రం పొరపాటూ కాదంటారు."

"కాదు. క్యాన్సర్."

అతను లేచి గది తలుపు దగ్గరికి వేసి వచ్చి కూచున్నాడు. అద్దాల అవతల ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"హాస్పిటల్ వాళ్ళు ఎట్లా మిస్సయ్యారు?"

"వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు కోసిన పొరల్లో ఇది లేదు. మనం ఇంకా లోపలికి వెళ్ళాం, అక్కడ దొరికింది. ఆయనెవరో కనుక్కుని చెప్పాలి ప్రశాంత్. ఇవాళే."

"మనం రిపోర్టులిచ్చే ల్యాబ్ కాదు డాక్టర్. మీరు చదివింది రీసెర్చ్ కోసం. ఎథిక్స్ కమిటీకి మెయిల్ పెట్టండి. వచ్చేనెల మీటింగ్ ఉంది, వాళ్ళే డిసైడ్ చేస్తారు."

"ఆయనకు ఇప్పటికే రెండేళ్ళు పోయాయి."

"అందుకే అంటున్నా. రెండేళ్ళయినాక ఒక నెలలో ఏం మారిపోతుంది?"

"ఏమీ మారకపోవచ్చు. అంతా మారిపోవచ్చు. ఆ ముక్కను చూసి ఆ రోజు సంగతి చెప్పగలను. ఈ రోజు సంగతి నాకు తెలీదు."

ప్రశాంత్ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూచున్నాడు. తర్వాత దాచకుండానే చెప్పాడు. సోమవారం బెంగుళూరు నుంచి ఒక ఆసుపత్రుల గ్రూపు వాళ్ళు వస్తున్నారు. పరీక్షను వాళ్ళ అన్ని శాఖల్లోనూ మొదలుపెట్టే ఒప్పందం. ఆరోగ్యవంతుల పెట్టెలో జబ్బు మనిషి ఉన్నాడని తెలిస్తే మిగతా ముక్కల సంగతేమిటని అడుగుతారు.

"అడగాల్సిందే కదా," అంది సెలీనా.

"అడగాల్సిందే. నేను కాదనను. మళ్ళీ అన్నీ లోతుగా కోసి చూద్దాం. దానికి టైము పడుతుంది. ఈలోగా ఈ ఒక్కదాన్ని స్టడీలోంచి తీసేద్దాం. అదేం మోసం కాదు, ఎవరైనా చేసేదే."

"పెట్టెలోంచి తీసేస్తారు. ఆయనలోంచి ఎవరు తీస్తారు?"

ఆ మాటకు అతను కోపగించుకోలేదు. ముందుకు వంగి, ఇంకా మెల్లగా అన్నాడు.

"నేను ఇంకో సంగతి చెప్తా, వినండి. పేర్లు అడగబోమని మనం మాటిచ్చి ఆ ముక్కలు తెచ్చుకున్నాం. ఆ మాట నమ్మి వాళ్ళు ఇచ్చారు. ఒక్కసారి, ఎంత మంచి కారణానికైనా సరే, ఆ పేర్లు తెరిపిస్తే రేపు ఇంకెవరూ మనకు ముక్క ఇవ్వరు. అప్పుడు ఈ పరీక్షే ఉండదు. ఇది లేకపోతే ఎంతమందికి జబ్బు తెలీకుండా పోతుందో మీకు నాకంటే బాగా తెలుసు."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ నిజం అతనికి చాలా అనువైన సమయంలో దొరికింది. అది అతనికీ తెలిసినట్టే ఉంది, ఎందుకంటే అతను ఆమె మొహం చూడకుండా కిటికీవైపు చూస్తున్నాడు.

అప్పుడే తలుపు తీసుకుని సుబ్బరాయుడు లోపలికి వచ్చాడు. ప్రశాంత్ తండ్రి. తెల్లచొక్కా, చేతిలో స్టీలు క్యారియరు. కోకాపేటలో స్థలం చూసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ కొడుకు ఆఫీసుకు రావడం, తలుపు తట్టకుండా లోపలికి రావడం ఆయనకు అలవాటు.

"మీయమ్మ ఉగ్గాని చేసి పంపించినాది. చల్లారకముందే తినమని చెప్పినాది." క్యారియరు బల్లమీద పెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏందిరా, మొగాలు అట్ల పెట్టుకున్యారు?"

"ఆఫీసు పని నాయనా. నువ్వు పోయి లాంజ్‌లో కూచో. నేను వస్తా."

ఆయన కదల్లేదు. తెరమీద ఎర్రగా, గోధుమగా కనిపిస్తున్న బొమ్మవైపు తల వంచి చూస్తున్నాడు.

"మా ముక్కలేనా ఇవి డాక్టరమ్మా?"

"అవునండి."

"ఇదెవురిది?"

"డాక్టర్," అన్నాడు ప్రశాంత్. ఆ ఒక్క మాటలో చెప్పొద్దనే హెచ్చరిక ఉంది. సెలీనా విన్నది. విని కూడా చెప్పింది.

"ఎవరిదో మాకు తెలియదండి. మీకు ఏ జబ్బూ లేదని ఆ రోజు చెప్పి పంపినవాళ్ళలో ఒకాయనది. ఆయనకు ఉంది."

సుబ్బరాయుడు కుర్చీలో కూచున్నాడు. జేబులోంచి కర్చీఫు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అయితే నాదన్నా కావచ్చు."

"కావచ్చు."

"నీది కాదులే నాయనా," అన్నాడు ప్రశాంత్ వెంటనే.

"నీకెట్ల తెలుసు?"

ప్రశాంత్‌కు ఎలా తెలుసు? నాలుగు రోజుల నుంచి హెచ్-31ను తీసేయమంటున్నాడు. అది ఒక మనిషిదని అతనికి తెలుసు. ఆ మనిషి ఉగ్గాని క్యారియరు పట్టుకుని తన గదిలోకి నడిచి రాగలడని మాత్రం అతను అనుకోలేదు. లేదా అనుకుని, అక్కడితో ఆపేశాడు.

"రూల్ ప్రకారం పేర్లు అడగకూడదు," అన్నాడు చివరికి.

"ఎవురి పేర్లు? వేరేవాళ్ళవి మీరు అడగగూడదు. సరే. నా ముక్క గురించి నేను అడగొచ్చా, అడగగూడదా?" సుబ్బరాయుడు సెలీనావైపు తిరిగాడు. "ఆ పొద్దు ఆసుపత్రిలో పుణ్యవతమ్మ అని ఒకామె మా అందరినీ కూచోబెట్టి చెప్పినాది. మీ ముక్క ఏమైందో ఎప్పుడు కావాలన్నా మీరు అడిగి తెలుసుకోవచ్చు, అది మీ హక్కు అనింది. నేను ఇంటికి పోయి వీళ్ళమ్మ జయమ్మకు కూడా చెప్పినా. అది ఉత్తమాటా?"

సెలీనా ప్రశాంత్ వైపు చూసింది. పేర్లు తెరవాల్సిన పనిలేదు. ఎవరి తలుపు వాళ్ళే తెరుచుకోవచ్చు. ఆ మాట రాసి పెట్టింది తమ కంపెనీయే. ఎవరూ ఎప్పుడూ అడగకపోవడంతో ఇద్దరూ మరిచిపోయారు.

"ఉత్తమాట కాదు," అన్నాడు ప్రశాంత్.

"అయితే ఫోన్ కలుపు."

స్పీకరులో పుణ్యవతి గొంతు వినిపించింది. ఆమె ఆ ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఆ శిబిరం నడిపిందీ, ఏ గుర్తు ఎవరిదో చూపే పేర్ల జాబితా దాచిందీ ఆమే. సుబ్బరాయుడు పేరు చెప్పాక పుట్టినతేదీ అడిగింది.

"ఆధార్‌లో ఉండేది చెప్పమంటావా, అసలుదా? అసలుది మాయమ్మకు గూడా తెల్దు."

"ఆధార్‌లోదే చెప్పండి సార్."

చెప్పాడు. అవతల కీబోర్డు టకటకలు. ప్రశాంత్ రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. పెన్ను కింద పడి దొర్లిపోయినా తీయలేదు.

"మీ గుర్తు హెచ్-12 సార్."

పుణ్యవతి రెండుసార్లు హలో అంటే సెలీనాయే థాంక్స్ చెప్పి పెట్టేసింది. ప్రశాంత్ కుర్చీలో వెనక్కి వాలాడు. తండ్రి అతని మొహంలోకి చూస్తున్నాడు.

"ఊపిరి తీసుకున్యావు."

"అదేం లేదు నాయనా."

"తీసుకున్యావులే. తప్పేముంది, నేనూ తీసుకున్యా." ఆయన క్యారియరు మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. తినాలనిపించినట్టు లేదు. "నాకు బదులు ఎవడో ఒకడు ఉండాడు గదా బయట. వాడు కూడా నా మాదిరే ఏమీలేదు అనుకుని తిరుగుతా ఉంటాడు. వాడికి నెల తర్వాత చెప్తాము అంటే నువ్వు ఒప్పుకుంటావేమో, నేను ఒప్పుకోను."

ప్రశాంత్ లాప్‌టాప్ తనవైపు లాక్కుని, ఆఫీసులో అందరికీ తనే ఒక సందేశం రాశాడు. ఆరోగ్యవంతుల ముక్కల్లో ఒకదానిలో అనుమానం కనిపించింది. ఆ శిబిరానికి వెళ్ళిన తండ్రులు ఎవరి సంగతి వారు పుణ్యవతి గారిని అడిగి తెలుసుకోవాలి. రాసి, చదువుకుని, హెచ్-31 అన్న గుర్తు కూడా చేర్చి పంపించాడు. తర్వాత పుణ్యవతికి కూడా ఫోన్ చేసి చెప్పాడు.

"సోమవారం వాళ్ళకు నేను చెప్పుకుంటా," అన్నాడు. "వెళ్ళిపోతే పోనివ్వండి."

మధ్యాహ్నమంతా ఆ అంతస్తులో ఎవరి పనీ సాగలేదు. ఫోన్లు చెవికి పెట్టుకుని వరండాల్లోకి, మెట్లమీదికి వెళ్ళినవాళ్ళే అంతా. ఊళ్ళో ఉన్న తండ్రికి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో తెలియక ఒకరు రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశారు. నవ్య తన బల్ల దగ్గరే కూచుని మాట్లాడింది.

"బాపూ, జర ఆ దవాఖాన మేడమ్‌కు ఫోన్ చెయ్యరాదే. ఏం లేదు, ఉట్టిగనే. నువ్వు పరేషాన్ గాకు. నెంబర్ ఏం చెప్పిన్రో నాకు చెప్పు, గంతే."

కాసేపటికి ఆమె తండ్రి బాలనర్సయ్య దగ్గరనుంచి జవాబు వచ్చింది. హెచ్-19. నవ్య లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. పక్క సీటతను ఇంకా తండ్రి ఫోన్ కోసం చూస్తున్నాడని, ఆమె తన సంగతి ఎవరికీ చెప్పలేదు.

సెలీనా కూడా ఇంటికి ఫోన్ చేసింది. పని ఉంది, తర్వాత చేస్తానన్నాడు సైమన్. రిటైరైన ఇంగ్లీషు మాస్టారికి మధ్యాహ్నం పూట ఏం పనో ఆమెకు అర్థం కాలేదు. కానీ ఆమె పెద్దగా కంగారు పడలేదు. శిబిరంలో ఆయన రక్తపరీక్ష కొంచెం ఎక్కువ వచ్చిన మాట నిజమే. అప్పుడు ఆమె శిక్షణకని పుణెలో ఉంది. ముక్క తీశారు, ఏమీ లేదన్నారు అని ఆయనే ఫోన్లో చెప్పాడు. పోయినేడు ఆమే దగ్గరుండి మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే అంకె చాలా తక్కువ వచ్చింది. మొదటిసారి పెరగడానికి ఏదో ఇన్ఫెక్షన్ కారణమై ఉంటుందనుకుంది. తండ్రి విషయంలో డాక్టర్లు కూడా తమకు ఇష్టమైన కారణాన్నే నమ్ముతారు.

సాయంత్రానికి అడగనివాళ్ళు కొద్దిమందే మిగిలారు. హెచ్-31 ఇంకా ఎవరికీ రాలేదు. సెలీనా కారు తీసుకుని మూసాపేట బయల్దేరింది.

మెట్రో స్టేషన్ వెనక సందులో తండ్రీకూతుళ్ళ ఫ్లాటు. సైమన్ వంటింట్లో బల్లముందు కూచుని పప్పులోకి దోసకాయ తరుగుతున్నాడు. తరగడం అయిపోయిన ముక్కల్నే మళ్ళీ చిన్నవి చేస్తున్నాడు.

"పుణ్యవతి గారికి ఫోన్ చేశావా నాన్నా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

"అవసరం లేదులే అని."

"నీకు భయమా?"

"నా గురించి నాకేం భయం లేదు." కత్తి పక్కన పెట్టాడు. "సెలీ, ఆ మనిషెవరో దొరికితే ఏం చేస్తారు?"

"స్కాన్లు తీస్తాం. ఎంతవరకు పాకిందో చూస్తాం. గ్రంథిలోనే ఉంటే ఆపరేషనో రేడియేషనో చేసి నయం చేయొచ్చు."

"గ్రంథి దాటిపోయి ఉంటే?"

"అప్పుడు నయం కాదు. మందులతో కొన్నేళ్ళు అదుపులో పెట్టొచ్చు. ఎముకలకు పాకితే కష్టం. వెన్నులోని నరాలను నొక్కితే కాళ్ళు కూడా పడిపోవచ్చు."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో వేలువేలునూ తుడుచుకున్నాడు. ఫోన్ తీసుకుని నంబరు కలిపి, స్పీకరు పెట్టి బల్లమీద పెట్టాడు. తన పేరు, పుట్టినతేదీ తరగతిలో చదివినంత స్పష్టంగా చెప్పాడు. అవతల కీబోర్డు టకటకలు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"సైమన్ గారూ, మీ అమ్మాయి గారు దగ్గర ఉన్నారా అండి?"

"పక్కనే ఉందండి. చెప్పండి."

"మీ గుర్తు హెచ్-31 అండి."

పొద్దున్నుంచి ఆ ఎర్రటి మూల సెలీనా కళ్ళలోనే ఉంది. ఆ కలిసిపోయిన గొట్టాలు, ఆ తెగిన గోధుమ గీత. అది ఈ మనిషిలోదా? ఆయన సన్నటి మెడ, తడి చేతులు, బల్లమీద దోసకాయ ముక్కలు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. రేపు పొద్దున్నే స్కాన్. తెలిసిన యూరాలజిస్టు ఒకాయన ఉన్నాడు, ఇప్పుడే ఫోన్ చేస్తా. పోయినేడు రక్తపరీక్ష తక్కువ వచ్చిందంటే ల్యాబ్‌లో ఏదో తేడా జరిగి ఉంటుంది, మళ్ళీ చేయిద్దాం.

"తేడా ఏం జరగలేదమ్మా. ఆ పరీక్ష నాదే." సైమన్ ఫోన్ పెట్టేసి ఆమెకు ఎదురుగా కూచున్నాడు. "ఆ ముక్క నాది కాదు."

"ఏంటి నాన్నా?"

"శిబిరానికి నేను వెళ్ళలేదు. రక్తానికీ వెళ్ళలేదు, సూదికీ వెళ్ళలేదు. నా పేరు మీద దేవరాజు వెళ్ళాడు."

దేవరాజును సెలీనా చిన్నప్పటినుంచీ ఎరుగును. వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆమె పెళ్ళి కుదిరి తప్పిపోయిన ఏడాది, వారం విడిచి వారం ఇంటికొచ్చి ఏమీ అడక్కుండా ఏదో ఒక పాట వాయించి పోయిన మనిషి. భార్య గ్రేస్‌తో మణికొండలో ఉంటున్నాడు.

"వాడికి అప్పటికే మూత్రం దగ్గర ఇబ్బందిగా ఉండేది. చూపించుకోరా అంటే నవ్వేసేవాడు. మీ ఆఫీసు శిబిరం సంగతి చెప్పాను. నేనూ వస్తా పద అన్నాడు. తీరా అడిగితే ఉద్యోగుల తండ్రులకు మాత్రమే అన్నారు." సైమన్ దోసకాయ ముక్కల్ని ఒక పక్కకు జరిపాడు. "వాడు ఎవరికీ తండ్రి కాదు కదమ్మా. ఆ మాట వాడికి నేను ఎలా చెప్పను? నా కార్డు ఇచ్చి పంపించాను. ఇద్దరికీ తెల్లజుట్టే, ఇద్దరికీ కళ్ళజోళ్ళే. ఎవరూ అడగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ ఉద్యోగానికి మాటొస్తుందని. ఏమీ లేదని తేలాక, ఇంక చెప్పేదేముందని."

అప్పట్లో రిపోర్టు సైమన్ ఫోనుకే వచ్చింది. ఆయనే ఆటో ఎక్కి మణికొండ వెళ్ళి దేవరాజుకు చదివి వినిపించాడు. ఆ ఆదివారం దేవరాజు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. జబ్బు ఉందేమోనని కుమిలిపోయాననీ, దేవుడు తన ప్రార్థన విన్నాడనీ చెప్పి ఏడ్చాడు.

"ఆ తర్వాత వాడు ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. ఇబ్బంది తగ్గకపోయినా వయసుదేలే అనేవాడు. నా నోటితో చెప్పాను కదా, ఏమీ లేదని. నమ్మాడు."

సెలీనాకు కోపం వచ్చింది. ఎవరిమీద రావాలో తెలియక అది అక్కడే ఆగిపోయింది. తప్పు పేరు, తప్పు చిరునామా, తప్పు వయసు ఆసుపత్రిలో ఉన్నాయి. సరైనది ఆ ముక్క ఒక్కటే.

"అంకుల్‌ను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"ఈమధ్య చర్చికి రావడం లేదు. నడుము పట్టేసిందట. కీబోర్డు ముందు కూచోలేకపోతున్నానని పాస్టరుగారికి కబురు చేశాడు."

సెలీనా ఇంకేమీ అడగలేదు. కారు తాళాలు ఒక చేత్తో తీసుకుని, రెండో చేత్తో గ్రేస్ నంబరు నొక్కింది.

"వందనాలమ్మా సెలీనా. బాగున్నావా?"

"వందనాలు ఆంటీ. అంకుల్ ఎలా ఉన్నారు?"

"ఏం చెప్పనమ్మా. నడుం నొప్పి. ఎముకల డాక్టరు మాత్రలిచ్చాడు, బెల్టు కట్టుకోమన్నాడు. రాత్రుళ్ళు అసలు నిద్ర లేదు. ఇవాళ నొప్పి కాస్త నయం అంటున్నారు. మధ్యాహ్నంనుంచి కాళ్ళు మాత్రం తిమ్మిరెక్కినట్టు ఉన్నాయట. పడుకునే ఉన్నారు."

సెలీనా చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది. ఆమె మొహం చూసి సైమన్ లేచి నిలబడ్డాడు.

"ఆంటీ, ఒక పని చేయండి. ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్ళండి. అంకుల్‌ను కాలివేళ్ళు కదపమని చెప్పండి. దుప్పటి తీసి మీ కళ్ళతో చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

"ఎందుకమ్మా?"

"ముందు చూడండి ఆంటీ."

గ్రేస్ చెప్పుల చప్పుడు వినిపించింది. ఫ్యాను శబ్దం దగ్గరైంది. దుప్పటి లాగిన అలికిడి.

"ఏవండీ, సెలీనా ఫోన్ చేసింది. కాలివేళ్ళు ఒకసారి కదపమంటోంది."

కాసేపు ఏమీ వినిపించలేదు.

"కదపండి," అంది గ్రేస్ మళ్ళీ.

దేవరాజు గొంతు దూరంనుంచి, కొంచెం విసుగ్గా వినిపించింది.

"కదుపుతున్నాను కదే."